వేసవి సెలవులలో మన పిల్లల చదువు

(సంఘ సమావేశమున చేసిన ఉపన్యాస పాఠము)



అయిదవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు చదువు పిల్లలు ఈ వేసవి సెలవులలో ఆనందముగ చదువుకొనదగిన పుస్తకములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని సంఘమువారు మమ్ము ఆజ్ఞాపించిరి. ఆ ఆజ్ఞలోని "ఆనందముగ" అను మాట మాకు మిక్కిలి నచ్చినది. పరీక్షకు పనికివచ్చు పుస్తకములు చెప్పుమనలేదు. నీతి నేర్పునవి చెప్పుమనలేదు. ఆ మాటను పట్టుకొనియే మేము మాటలాడెదము. దారి తప్పినచో అధ్యక్షులవారు గంట కొట్టుదురు గాక.

పుస్తకముల పట్టిక యొకటి చదివి దిగిపోవుట సులభమే. హైదరాబాదులోనో, విజయవాడలోనో ఐనచో అట్లే చేసియుందుము. సోలాపురమున అది చాలదు. మన పిల్లలకు తెలుగు వచ్చును గాని తెలుగు చదువ రాదు. ఇంటిలో తల్లితో తెలుగు, వీధిలో హిందీయు మరాఠీయు కలిసిన మాట, బడిలో మరాఠీ. పెక్కు ఇండ్లలో నేటి స్థితి యిది. "మా వాడు మరాఠీలో తరగతికి మొదటివాడు" అని తండ్రి చెప్పుకొనును, చెప్పుకొనవలసినదే. కాని కరీంనగరునుండి బంధువులు పంపిన పెండ్లి పత్రిక చేతికిచ్చినచో ఆ పిల్లవాడు తన యింటిపేరు ఎక్కడ నున్నదో చూపలేడు. ఇందు వాని తప్పేమియు లేదు. వానికెవ్వరును చూపలేదు.

మన పూర్వులు పందొమ్మిదవ శతాబ్దమున కరీంనగరు, నల్లగొండ, మహబూబునగరు, వరంగల్లు ప్రాంతములనుండి మూటలు కట్టుకొని యీ నగరమునకు వచ్చి, సాఖర్ పేటలోను, భవానీ పేటలోను, దాజీ పేటలోను మగ్గములు దింపిరి. 1877లో ఇచట నూలు మిల్లు ఏర్పడిన పిదప వచ్చినవారు మరింత యెక్కువ. వారిలో చదువు వచ్చినవారు కొలదిమంది. వారు తెలుగును పుస్తకములలో తేలేదు, నోట తెచ్చిరి. శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయ రథోత్సవమున మన పేటలన్నియు వీధిలోనికి వచ్చినప్పుడు చెవి యొగ్గి వినుడు; ఇన్ని తరముల తరువాతను ఆ భాష నోటనే నిలిచియున్నది. నోట నిలిచినదానిని కంటికి చూపుట యెట్లు? ఈ సాయంకాలము మాకు పట్టిన చింత యిదియే.

గత వేసవిలో నీలం నగరు వైపు ఒక ఇంటికి వేరు పనిమీద వెళ్లితిమి. తల్లి చేట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టుచున్నది. అవ్వ గోడ కానుకొని ఆకు కత్తిరించుచున్నది. ఏడవ తరగతి చదువు బాలుడొకడు, అంతకు ముందు నెలలో మేమే యిచ్చిన పాత చందమామను తెరచి, వ్రేలు పెట్టి, అక్షరమక్షరము కూర్చుకొని చదువుచున్నాడు. "మొ... స... లి" అని చదివి ఆగి మా వంక చూచెను. అక్షరములు మూడును వచ్చినవి. మాట మాత్రము రాలేదు. వానికి తెలిసినది మరాఠీలోని "మగర్". మేము చెప్పబోవునంతలో అవ్వ తల యెత్తకయే, "మొసలి రా బిడ్డా, ఏనుగు కాలు పట్టింది గదా, అది" అనెను. బాలునికి వెంటనే తెలిసిపోయినది. గజేంద్ర మోక్షమును వాడు వినియే యున్నాడు.

అక్షర మెరుగని అవ్వకు మాట తెలిసినది. మాట యెరుగని మనుమనికి అక్షరము తెలిసినది. ఆ యొక్క పుట చదువుటకు ఇద్దరును కావలసివచ్చిరి. ఇక మీదట మేము చెప్పు పుస్తకములన్నియు ఈ పద్ధతిన చదువుటకు తగినవే యని గ్రహింపుడు. పిల్లవాడు పైకి చదువవలెను. పని చేసికొనుచు పెద్దవారు వినవలెను.

ఇది మేము కనిపెట్టిన వింత కాదు. క్యూబా దేశమున చుట్టలు చుట్టు కార్ఖానాలలో 1865వ సంవత్సరమునుండి చదువరి యను నొక ఉద్యోగి యుండెను. కార్మికులు వరుసలలో కూర్చుండి చుట్టలు చుట్టుచుండగా అతడు ఎత్తయిన పీఠముపై కూర్చుండి ఉదయము వార్తాపత్రికలు, పిదప నవలలు బిగ్గరగా చదువువాడు. అతని జీతము యజమాని యిచ్చునది కాదు. కార్మికులే తమ కూలినుండి తలకింత యని యిచ్చువారు. ఏ నవల చదువవలెనో వారే నిర్ణయించువారు. ప్రభుత్వమునకు భయము పుట్టి మరు సంవత్సరమే దానిని నిషేధించినది. ఐనను ఆ ఆచారము చావలేదు. అంత దూరము పోనేల? మన దేశముననే, కేరళలో కన్ననూరు ప్రాంతపు బీడీ కార్మికులు తమలో ఒకరిని పత్రిక చదువుటకు నియమించుకొని, ఆతడు చుట్టవలసిన బీడీలను తక్కినవారు తలకు కొన్ని చొప్పున చుట్టి పూరించెడివారు. ఆ చదువువలన అచటి కార్మికులకు కలిగిన లోకజ్ఞానము ప్రసిద్ధమే.

మన పేటలలో అట్టి ఆచారము ఏల పాదుకొనలేదు? మా తలంపు చెప్పెదము. ఇచట మన స్త్రీలు కంపెనీ శాఖనుండి ఆకును, తంబాకును ఇంటికి తెచ్చుకొని, ఎవరి గడపలో వారు చుట్టి, సాయంకాలమునకు అప్పగింతురు. పని ఇంటికి వచ్చినది, గుంపు చెదిరినది. గుంపు లేనిచోట చదువరికి తావు లేదు. కాని ప్రతి యింటిలోను సెలవులలో ఊరక తిరుగుచున్న చదువరి యొకడు ఉన్నాడు గదా! మధ్యాహ్నము వీధిలో కాకి కూడ కానరాని మే మాసపు టెండలో వానిని ఎక్కడికి పంపుదుము? సెల్ ఫోను ముందు కూర్చుండుటకంటె తల్లి ముందు కూర్చుండుట మేలు కాదా?

పవర్ లూము నడుచు ఇంటిలో ఈ ముచ్చట సాగదని మాకు తెలియును. ఆ చప్పుడులో బ్రహ్మ చదివినను వినబడదు. అట్టి ఇండ్లవారు కరెంటు పోయిన వేళను పుస్తకమునకు కేటాయింతురు గాక. మన నగరమున ఆ వేళలకు కొదువ లేదు.

ఇంకొక మాట. దీనిని చెప్పుటకు కొంత సంకోచముగ నున్నది, ఐనను చెప్పక తప్పదు. సెలవులనగానే పిల్లల చేతికి కండెలో, బీడీ కట్టలో అప్పగించు ఇండ్లు మనలో కలవు. పేదరికమున జరుగు పనిని గూర్చి ఉపన్యాస వేదికనుండి తీర్పు చెప్పుట మాకు తగదు. మేము కోరున దొక్కటే: దినమునకు అరగంట ఆ పిల్ల చదివినచో ఆ యరగంటను కూడ పనిగనే లెక్క వేయుడు. ముఖ్యముగ ఆడపిల్లల విషయమున. తమ్ముడు చదువుచుండగా అక్క కట్టలు కట్టుట మేము ఒకటి రెండు ఇండ్లలో చూచితిమి. వంతులు మార్చుడు.

ఇక అక్షరముల సంగతి. మరాఠీ చదువ నేర్చిన పిల్లవాడు తెలుగు చదువుటకు ముప్పాతిక దారి నడిచియే యున్నాడు. అ ఆ ఇ ఈ అను వరుస అదియే; క ఖ గ ఘ అను వర్గము లవియే. ళకారము మరాఠీలో కలదు, మనకును కలదు. చ, జ లను మరాఠీవారు రెండు తీరుల పలుకుదురు. మన అవ్వలు "చాప" యనుటను, "చీర" యనుటను విని చూడుడు, మనలోను రెండు చకారములు వినవచ్చును. కనుక నేర్వవలసినది ఆకారములు మాత్రమే. కన్నడ బోర్డులు చదువగల పిల్లలకు అదియును సగమే మిగులును.

చిక్కులు ముఖ్యముగ రెండు. ఎ, ఒ లలో హ్రస్వ దీర్ఘముల భేదము దేవనాగరిలో వాడుకలో లేదు. అందుచే పిల్లవాడు "ఎలుక"ను "ఏలుక" యనియు, "ఒక"ను "ఓక" యనియు చదువును. ఇంటిలో అందరును నవ్వుదురు. నవ్వకుడు, పోనీ, నవ్వినను వానిని కూడ కలుపుకొని నవ్వుడు. రెండవది వత్తులు. మరాఠీలో మొదటి హల్లు సగమై రెండవది నిండుగ నుండును. మనలో మొదటిది నిండుగ నుండి రెండవది క్రిందికి దిగును. అమ్మ, అక్క, అవ్వ అను మూడు మాటలు పలకపై వ్రాసి చూపినచో ఈ ముడి విడిపోవును. దినమున కరగంట చొప్పున పదునైదు దినములలో మేము చూచిన పిల్లలు కూడబలుకుకొని చదువు స్థితికి వచ్చిరి. సెలవులు మే మొదటినుండి జూన్ నడిమి వరకు గదా. ఇంకను నెల మిగిలియే యుండును.

ఆ మిగిలిన నెలలో ఏమి చదువవలెను? మా సూత్ర మొకటే. కథ తెలిసినదై యుండవలెను, లిపి మాత్రము క్రొత్తదై యుండవలెను. రెండును క్రొత్తవైనచో పిల్లవాడు మూడవ పుటలో పుస్తకము మూసివేయును.

ఈ సూత్రమునకు చందమామ వంటి పత్రిక వేరొకటి లేదు. 1947 జూలైలో మద్రాసునుండి చక్రపాణి, నాగిరెడ్డి గార్లు దీనిని ప్రారంభించిరి. 1952లో మరాఠీ సంచిక చాందోబా పేరిట వెలువడినది. అవే కథలు, అవే బొమ్మలు, భాష మాత్రము వేరు. మన పేటలలో పెద్దలు పలువురు బాల్యమున చాందోబా చదివినవారే. అది తెలుగునుండి వెళ్లినదని ఎరిగినవారు తక్కువ. మన యింటి బిడ్డయే మరాఠీ వేషమున మన యింటికి అతిథిగ వచ్చినది! 1952నుండి 1980లో మరణించు వరకు కొడవటిగంటి కుటుంబరావుగారు తెలుగు చందమామను తీర్చిదిద్దిరి. ఆ వాక్యములు పొట్టివి, తేటవి. పిల్లలకని గారాబముగ వ్రాసినవి కావు. ఏ మాటయు అనవసరముగ నుండదు.

విక్రమార్కుడు, బేతాళుడు కథలను మొదట చేపట్టుడు. దీనికొక కారణము కలదు. ప్రతి కథయు ఒకే తీరున మొదలై ఒకే తీరున ముగియును. మొదటి కథకు పిల్లవాడు ప్రారంభపు వాక్యములతో కుస్తీ పట్టును. నాలుగవ కథ వచ్చునప్పటికి వానిని చూడకయే చదివివేయును. "నేను చదివితిని" అను గర్వము అచటనే పుట్టును. మూలమున బేతాళ కథలు ఇరువదియైదే. చందమామవారు దశాబ్దముల కొలది క్రొత్తవి అల్లుచు పోయిరి. మరియు ప్రతి కథ చివర నొక చిక్కు ప్రశ్న కలదు. పిల్లవాడు ఆ ప్రశ్న చదివి పుస్తకము మూసి, "చెప్పవే అవ్వా" అని అడుగవలెను. అవ్వ జవాబు పుస్తకములోని జవాబుకంటె మేలుగ నుండుటను మేము ఒకటికి రెండుసార్లు విన్నాము.

పెద్ద పిల్లలకు దాసరి సుబ్రహ్మణ్యంగారి సీరియలులు కలవు. తోకచుక్క, రాకాసి లోయ, పాతాళ దుర్గము మొదలగునవి. మాంత్రికులు, భల్లూకములు, కొండ గుహలు, ప్రతి ప్రకరణము చివర ప్రాణాపాయము. అవి పుస్తకములుగను వెలువడినవి. వీనిలో నీతి యేమని కొందరు పెద్దలు మమ్మడిగిరి. తరువాత నేమి జరుగునో యను ఆతురత పిల్లవానిని పుట నుండి పుటకు లాగుకొనిపోవును, మాకది చాలును.

చందమామ 2013 నాటికి ఆగిపోయినది. అందుచే క్రొత్త సంచికలు లేవు. పాత సంచికలు అంతర్జాలమున దొరకుచున్నవి. సెల్ ఫోనులో చూడవచ్చును. కాని మీ అటకలపై కట్టలున్నచో దింపుడు. అచ్చు కాగితము వాసనయు కథలో భాగమే యని మా మూఢనమ్మకము.

ఒకే కథ రెండు భాషలలో దొరకు ఇతర పుస్తకములను గూర్చియు చెప్పవలెను. నేషనల్ బుక్ ట్రస్టువారి నెహ్రూ బాల పుస్తకాలయపు పుస్తకములు తెలుగులోను, మరాఠీలోను కలవు, వెల స్వల్పము. బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ వారు 2015లో స్టోరీవీవర్ అను పేర అంతర్జాలమున ఒక బాలల గ్రంథాలయమును తెరచిరి. ఒకే బొమ్మల కథను మరాఠీలోను, తెలుగులోను ఉచితముగ చదువవచ్చును. ఆ పేరున కర్థము కథల నేతగాడు. మన పేటలవారికి ఇంతకంటె దగ్గరి పేరు ఏమి కావలెను?

ఆరు, ఏడు తరగతుల వారికి మేము తప్పక చెప్పునది రైలుబడి. జపాను రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన బాల్యమును గూర్చి 1981లో తొత్తోచాన్ అను పేర వ్రాసిన పుస్తకమునకు తెలుగు సేత. మరాఠీలోను తొత్తోచాన్ పేరుతోనే దొరకును. అల్లరి చేయుచున్నదని మొదటి బడివారు పంపివేసిన చిన్నపిల్లను, పాత రైలుపెట్టెలలో నడచు బడి యొకటి చేర్చుకొనును. అచటి ప్రధానోపాధ్యాయుడు కొబయాషి మొదటి దినముననే ఆ పిల్ల చెప్పినదంతయు గంటల కొలది వినును. ఆ బడి 1945లో యుద్ధపు బాంబులకు కాలిపోయినది. ఈ పుస్తకమును పిల్లలు చదువుదురు. పక్కన కూర్చుండి విన్న తల్లులు ఊరకుందురు. ఎందుకో మేము చెప్పనక్కరలేదు.

నవ్వవలెనన్న బుడుగు కలడు. ముళ్లపూడి వెంకటరమణగారు 1956–57 ప్రాంతమున ఆంధ్ర వారపత్రికలో వ్రాసినది, బాపుగారి బొమ్మలతో. అమ్మ, నాన్న, బామ్మ, బాబాయి, పక్కయింటి సీగానపెసూనాంబ... పెద్దల లోకమును పిల్లవాడు చూచి తన మాటలలో చెప్పిన విధము తెలుగున మరియొకటి లేదు. ఐతే ఒక హెచ్చరిక. ఆ భాష గోదావరి తీరమువారి వాడుక భాష. మన పిల్ల లొకరు నాలుగు పుటలు విని, "గిది మన తెలుగు కాదు" అనిరి. నిజమే. మనది తెలంగాణమునుండి మూడు నాలుగు తరముల క్రింద బయలుదేరి, మరాఠీ మాటలను దారిలో చేర్చుకొని, తనంతట తాను పెరిగిన తెలుగు. అడకత్తెరను పొరుగువారు "అడకిత్తా" అందురు. ఎవరిది ఎవరికి చేరెనో పండితులు తేల్చుకొందురు గాక. మన మాట తప్పు, బుడుగు మాట ఒప్పు అని పిల్లలకు ఎన్నడును చెప్పకుడు. "వాళ్లట్ల అంటరు, మనమిట్ల అంటం" అని చెప్పిన చాలును. బుడుగును పెద్దవా రొకరు మొదట నాటకమువలె చదివి వినిపింపవలెను. తరువాత పిల్లలు పుస్తకము లాగుకొందురు.

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము మొదటి భాగమును ఎనిమిదవ తరగతి వారి కియ్యవచ్చును. 1924 ప్రాంతపు పుస్తకము. మొగల్తూరు కుర్రవాడు ఇంటిలో చెప్పకయే ఇంగ్లండుకు బయలుదేరి, రైలు ఎట్లెక్కవలెనో, ఓడలో ఎట్లు తినవలెనో తెలియక పడు అవస్థలు. భాష కొంచెము పాతది, వాక్యములు కొంచెము పొడుగు. మేము దీనిని పట్టికలో చేర్చుటకు వేరొక కారణము కలదు. తెలియని ఊరికి, తెలియని భాషలోనికి మూటతో దిగిన మనిషి బెదురు మన యిండ్లలో ముత్తాతల కథగ ఇంకను వినబడుచున్నది. నవ్వి నవ్వి అలసిన పిదప, "మన ముత్తాత ఎట్ల వచ్చిండు?" అని పిల్లలు తప్పక అడుగుదురు. జవాబు సిద్ధము చేసికొనుడు.

మధిర సుబ్బన్న దీక్షితుల కాశీమజిలీ కథలు పన్నెండు భాగములు. మణిసిద్ధుడను యతి కాశికి నడచుచు, తోడువచ్చిన గోపబాలునకు మజిలీ మజిలీకి ఒక కథ చెప్పును. ఆ గ్రాంథికము పిల్లలకు కొరుకుడు పడదు. పెద్దలు పగలు చదివి, రాత్రి డాబాపై చాపలు పరచుకొన్న వేళ తమ మాటలలో చెప్పవలెను. సత్యం శంకరమంచిగారి అమరావతి కథలు నూరు. మూడు నాలుగు పుటల కథలు, బాపుగారి బొమ్మలు. పిల్లలకు పనికివచ్చునవి వానిలో ఏరుకొనవలెను. మహమ్మద్ ఖదీర్‌బాబుగారి దర్గామిట్ట కథలలో నెల్లూరు సీమ ముస్లిము కుటుంబపు బాలుని అల్లరి కలదు. ఉర్దూ, తెలుగు కలిసిన ఆ యిల్లు మన పిల్లలకు ఏమాత్రము వింతగ తోచదు.

మరాఠీ పుస్తకములను విడువుమని మేము చెప్పుచున్నామని ఎవరును భ్రమపడకుందురు గాక. మన పిల్లలు మరాఠీలో చదివినది ఇంటికి తేవలెను. సానే గురూజీ 1933లో నాసిక్ చెరసాలలో వ్రాసిన శ్యామచీ ఆయి మీ పిల్లల బడిలో ఉండనే యుండును. 1953లో ఆచార్య అత్రేగారు దానిని చలనచిత్రముగ తీయగా అది రాష్ట్రపతి స్వర్ణపతకము పొందినది. అందును రాత్రికొక ప్రకరణము. మన కాశీమజిలీకి దూరపు చుట్టము. అమ్మాయి దానిని మరాఠీలో చదివి, మరాఠీ చదువు రాని అవ్వకు తెలుగులో చెప్పవలెను. మాట తట్టనిచోట అవ్వ అందించును. ఇది అనువాదమని ఆ పిల్లకు తెలియదు, తెలియజేయకుడు.

అదే విధముగ అవ్వ చెప్పు కథలను ఒక నోటుపుస్తకమున వ్రాయింపుడు. తెలుగు లిపి ఇంకను చేతికి రానిచో దేవనాగరిలోనే వ్రాయనిండు. లిపి వచ్చే సంవత్సరము వచ్చును. అవ్వ వచ్చే సంవత్సరమునకు ఉండునని ఎవరు చెప్పగలరు?

చేయరానివి రెండు మూడు కలవు. కథ ముగిసిన వెంటనే "ఇందలి నీతి యేమి?" అని అడుగకుడు. సారాంశము వ్రాయుమనకుడు. చిన్నయసూరిగారి నీతిచంద్రికను మేము నెత్తిన పెట్టుకొందుము. 1853నాటి ఆ వచనము తెలుగునకు అలంకారము. దానిని మే మాసపు మధ్యాహ్నమున పన్నెండేండ్ల పిల్లవాని చేతిలో పెట్టినచో మాత్రము వాడు తెలుగు పుస్తక మనిన ఆమడ దూరము పరుగెత్తును. తప్పు చదివినచో మాటమాటకు ఆపకుడు. పుటకొకసారి సరిదిద్దిన చాలును. నచ్చని పుస్తకమును నడుమ విడుచు హక్కు పిల్లలకు కలదు. పెద్దలము మనమెన్ని పుస్తకములు సగమున విడిచితిమో లెక్కింపుడు.

పుస్తకములు ఎచట దొరకును? ఈ నగరమున తెలుగు పుస్తకములు కొనుట కష్టమే. కాని మనలో వేసవిలో తెలంగాణమునకు పెండ్లికి పోని కుటుంబ మున్నదా? సిరిసిల్లకు, కరీంనగరుకు పోయివచ్చుచు మామిడికాయ పచ్చడి జాడీ తెత్తుము. ఆ జాడీ పక్కన రెండు పుస్తకములు పట్టవా? హైదరాబాదులో దిగినవారు ఆదివారము ఆబిడ్సు కాలిబాటలపై చూచినచో పాత చందమామలు, పాత నవలలు రాసులుగ కనబడును. సికింద్రాబాదులోని మంచి పుస్తకము వారు పిల్లల పుస్తకములనే ప్రచురించుచున్నారు. వెలలు మనవంటివారి కందుబాటులో నున్నవి.

చివరగ మా బాల్యపు ముచ్చట యొకటి. మా చిన్నతనమున ఒక పుస్తకాలయమున తెలుగు పుస్తకముల బీరువా యుండెను. అద్దముల తలుపులు. అట్టలు కనబడుచుండెను, బొమ్మలు కనబడుచుండెను. తాళపుచెవి ఒక పెద్దమనిషి మొలత్రాటికి వ్రేలాడుచుండెను. ఆయన ఎప్పుడు వచ్చునో ఎవరికిని తెలియదు. మేము రెండు వేసవులు ఆ యద్దమునకు ముక్కు ఆనించి గడపితిమి. మూడవ వేసవిలో బీరువా తెరువగా చెదలు మాకంటె ముందే చదివి ముగించినవి.

అందుచే ఇప్పుడు సంఘపు గదిలో బీరువాకు బదులు ఒక పెట్టె ఉంచితిమి. పాత చందమామలు నలుబదికి పైగ, చాందోబాలు పండ్రెండు, రైలుబడి రెండు ప్రతులు, బుడుగు ఒకటి ప్రస్తుతమున కలవు. బుడుగు కోసము ఇప్పటికే ముగ్గురు పేర్లు వ్రాయించుకొన్నారు. మీ అటకలపై నున్నవి వచ్చే ఆదివారము ఉదయము తెచ్చి యిందులో వేయుడు. చిరిగినవైనను సరియే, అతికించుటకు గోధుమపిండి జిగురు సిద్ధముగ నున్నది. తీసికొనిపోవు పిల్లలు గోడకు వ్రేలాడు నోటుపుస్తకమున తమ పేరు తామే, తెలుగులో, వ్రాసి తీసికొనిపోవలెను. "ఏ" బదులు "ఎ" వ్రాసినను ఎవరును అడుగరు. పెట్టెకు తాళము లేదు.